ఎనిమిదవ నాటి పాఠకుని కోసం ఏడు రోజుల పండుగ: నవంబర్ 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు

(ప్రత్యేక వ్యాసం)

బాలల దినోత్సవమైన నవంబర్ 14న ప్రారంభమై 20వ తేదీన ముగిసే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు ప్రతి సంవత్సరం రాష్ట్రమంతటా పౌర గ్రంథాలయాలలో జరుగుతున్నాయి. పుస్తక ప్రదర్శనలు, వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, క్విజ్, చిత్రలేఖనం, ముగ్గుల పోటీలు, కథలు చెప్పుట, కవి సమ్మేళనాలు ఈ ఏడు రోజులలో సాధారణంగా చోటు చేసుకొనే కార్యక్రమాలు. వీటికి ప్రవేశ రుసుము లేదు. ఆహ్వాన పత్రిక అందలేదని ఎవరూ వెనుకాడవలసిన పనిలేదు. వికారాబాద్ జిల్లాలోని మోమిన్‌పేట మండలం వంటి గ్రామీణ ప్రాంతాలలోని విద్యార్థులు, తల్లిదండ్రులు, ఉద్యోగార్థులు, రైతులు, మహిళలు ఈ కార్యక్రమాలు ఎందుకు జరుగుతున్నాయో, వాటి వలన తమకు కలుగు ప్రయోజనమేమిటో ముందుగా తెలుసుకున్నట్లయితే వాటిని మరింతగా వినియోగించుకొనగలరు. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

వారోత్సవాల విజయాన్ని ప్రారంభ సభకు హాజరైన వారి సంఖ్యతో కొలుచుట పరిపాటి. అసలు కొలమానం వేరు. నవంబర్ 21వ తేదీన, అనగా పండుగ ముగిసిన మరునాడు, బ్యానర్లు తీసివేసిన తర్వాత, ఎవరూ పిలువకుండానే గ్రంథాలయపు మెట్లెక్కి వచ్చిన కొత్త పాఠకులెందరు అన్నదే ఆ కొలమానం. ఏడు రోజుల కార్యక్రమాలన్నీ ఆ ఎనిమిదవ నాటి పాఠకుని కోసమే.

మన జిల్లాలో అవసరమేమిటి?

1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో అంతర్భాగంగా ఉన్న మోమిన్‌పేట, 2016 అక్టోబర్ 11న వికారాబాద్ కేంద్రంగా నూతన జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. వికారాబాద్ నుంచి సదాశివపేట వైపు సాగే రహదారిపై ఉన్న ఈ మండల కేంద్రానికి చుట్టుపక్కల గ్రామాల నుంచి విద్యార్థులు చదువు కోసం, రైతులు తమ పనుల కోసం వచ్చి పోతుంటారు. హైదరాబాద్ మహానగరానికి ఎంతో దూరంలో లేకపోయినా, అక్షరాస్యత విషయంలో ఈ ప్రాంతం వెనుకబడే ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి వికారాబాద్ జిల్లా పరిధిలో అక్షరాస్యత సుమారు 58 శాతం కాగా, తెలంగాణ సగటు 66 శాతానికి పైగా ఉన్నది.

ఈ అంకెల వెనుక ఉన్న వాస్తవాన్ని గ్రహించవలసి ఉన్నది. ఇంట్లో మొదటిసారిగా బడి మెట్లెక్కిన పిల్లవానికి పాఠ్యపుస్తకం తప్ప మరొక పుస్తకం ఇంట్లో కనిపించదు. దినపత్రిక తెప్పించుకొనే ఇళ్ళు గ్రామాలలో కొద్ది. చదువుకొనుటకు విడిగా గది, బల్ల, నిశ్శబ్దం ఉన్న ఇళ్ళు ఇంకా తక్కువ. పట్టణంలోని పిల్లవానికి ఇంట్లోనే లభించే ఈ వసతులన్నింటినీ పల్లె పిల్లవానికి ఉచితంగా సమకూర్చగల ప్రజా సంస్థ గ్రంథాలయం ఒక్కటే. అయినప్పటికీ “అది చదువుకున్న వారికి, మనకు కాదు” అన్న సంకోచం చాలామందిని గుమ్మం బయటే ఆపివేస్తున్నది. పాట విందామనో, ముగ్గు వేద్దామనో, బొమ్మలు చూద్దామనో ఒక్కసారి లోపలికి వచ్చిన వారికి ఆ సంకోచం తొలగిపోతుంది. వారోత్సవాలలో వినోదానికి చోటు కల్పించుటకు కారణం ఇదే.

వారోత్సవాల పుట్టుక

భారతీయ గ్రంథాలయ సంఘం పిలుపు మేరకు 1968 నుంచి దేశవ్యాప్తంగా నవంబర్ 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలను జరుపుకొనుట ఆచారమైంది. వారం బాలల దినోత్సవంతో ప్రారంభం కావడం వలన గ్రంథాలయానికి తొలి అతిథులుగా పిల్లలు రావడం ఆనవాయితీగా స్థిరపడింది.

ప్రజా గ్రంథాలయాన్ని గురించి ఐక్యరాజ్యసమితి విద్యా, వైజ్ఞానిక, సాంస్కృతిక సంస్థ యునెస్కో 1949లో ఒక ప్రకటన వెలువరించింది. తదుపరి కాలంలో, చివరిసారిగా 2022లో, దానిని సవరించారు. వయసు, స్త్రీ పురుష భేదం, మతం, భాష, సామాజిక స్థాయి అన్న తేడాలు లేకుండా అందరికీ సమానంగా సేవలందించవలసిన సంస్థ ప్రజా గ్రంథాలయమన్నది ఆ ప్రకటన సారాంశం. మోమిన్‌పేట వంటి మండలంలో ఈ మాటకు ప్రత్యేకమైన అర్థమున్నది. తెలుగు, ఉర్దూ, లంబాడీ మాటలు ఒకే సంతలో వినిపించే ప్రాంతమిది. జిల్లా పడమటి అంచున తాండూరు దాటితే కన్నడ దేశం. ఇన్ని భాషల వారు ఒకే బల్ల చుట్టూ కూర్చొనగల చోటు గ్రంథాలయం.

తెలంగాణలో గ్రంథాలయోద్యమం

నేడు మనం స్వేచ్ఛగా జరుపుకొంటున్న ఈ సభలు, పోటీలు ఒకప్పుడు సులభసాధ్యమైనవి కావు. నిజాం పాలనలో తెలుగు భాషకు, తెలుగు చదువుకు ఆదరణ కరువైన కాలంలో 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం స్థాపించబడింది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు దాని స్థాపకులలో ముఖ్యులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలసింది. అంతకు ముందే, 1891లో, నేడు అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా మనం చూస్తున్న అసఫియా గ్రంథాలయం ప్రారంభమైంది.

1921 నవంబర్‌లో హైదరాబాద్‌లో జరిగిన సంఘ సంస్కరణ మహాసభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులలో కొందరు అల్లరి చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు నెలకొల్పుట ఆ సంఘం ఆశయాలలో ముఖ్యమైనది. మాడపాటి హనుమంతరావు వంటి పెద్దలు ఈ కార్యానికి జీవితాన్ని అంకితం చేశారు. ఇప్పుడు మళ్ళీ అదే నవంబర్ మాసంలో ప్రభుత్వ గ్రంథాలయ వేదికపై నిలబడి ఏడవ తరగతి బాలిక తెలుగులో ధైర్యంగా మాట్లాడుతుంటే సభ చప్పట్లు కొడుతున్నది. వక్తృత్వ పోటీని కేవలం బహుమతి కోసం జరిగే పోటీగా చూడరాదని చెప్పుటకు ఈ ఒక్క ఉదంతం చాలు.

సభ జరుపుకొనుటకు ముందుగా అనుమతి పొందాలని నిర్బంధించిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రోజులలో పత్రిక చదువుకొనే గది, పుస్తకాల బీరువా ఉన్న ఇల్లు ప్రజలు కలిసి ఆలోచించుకొనే చోటుగా మారాయి. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగిన జోగిపేట, మోమిన్‌పేటకు ఉత్తరాన, పొరుగున ఉన్న నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిన ఘనత కూడా ప్రతాపరెడ్డిదే. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను స్వయంగా మోసుకొని ఊరూరా తిరిగి పాఠకులకు చేర్చారు.

కోస్తా ప్రాంతంలో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయాన్ని నడిపించారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుని రేవుకు వెళ్ళవలెనన్నది ఆ పెద్దల విధానం. నేటి వారోత్సవాలు ఆ విధానానికి కొనసాగింపు.

ఏ రోజున ఏ కార్యక్రమం?

కార్యక్రమాల వరుస అన్ని చోట్లా ఒకే విధంగా ఉండదు. జిల్లా గ్రంథాలయ సంస్థ సూచనలు, స్థానిక సౌకర్యాలను బట్టి గ్రంథ పాలకులు దానిని నిర్ణయిస్తారు. అయినప్పటికీ సాధారణంగా పాటించబడుతున్న క్రమం ఈ విధంగా ఉంటుంది.

మొదటి రోజున ప్రారంభ సభ, బాలల దినోత్సవం, పుస్తక ప్రదర్శన ఉంటాయి. ఏడాది పొడవునా బీరువాలలో నిలువుగా పేర్చి, వెన్ను మాత్రమే కనిపించే పుస్తకాలు ఆ రోజున బల్లలపై ముఖచిత్రంతో దర్శనమిస్తాయి. రెండవ రోజున గ్రంథాలయోద్యమానికి సేవ చేసిన మహనీయుల సంస్మరణ జరుగుతుంది. మూడవ, నాలుగవ రోజులు విద్యార్థులవి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, చిత్రలేఖనం, పాటల పోటీలు తరగతుల వారీగా జరుగుతాయి. ఐదవ రోజున కవి సమ్మేళనం లేదా సాహిత్య సభ ఏర్పాటవుతుంది. ఆరవ రోజున మహిళల కోసం ముగ్గుల పోటీలు, ఆరోగ్యం, చదువు, చట్టపరమైన హక్కులపై అవగాహన సదస్సులు జరుపుతారు. ఏడవ రోజున ముగింపు సభ, బహుమతి ప్రదానం ఉంటాయి.

తమ సమీప గ్రంథాలయంలో ఏ పోటీ ఏ రోజున, ఏ వేళకు జరుగుతుందన్న సమాచారాన్ని అక్కడి ప్రకటన ఫలకంపై గాని, గ్రంథ పాలకుని వద్ద గాని ముందుగా తెలుసుకొనడం మంచిది. పోటీలలో పాల్గొనదలచిన విద్యార్థుల పేర్లను పాఠశాల ద్వారా ముందే నమోదు చేయించినట్లయితే చివరి నిమిషపు తొందర ఉండదు.

వినోదం వెనుక విజ్ఞానం

భారత గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలను ప్రతిపాదించారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 12ను గ్రంథ పాలకుల దినోత్సవంగా జరుపుకొంటున్నాము. వారోత్సవాలలోని ఒక్కొక్క కార్యక్రమాన్ని ఆ సూత్రాల వెలుగులో చూసినప్పుడు వాటి ప్రయోజనం బోధపడుతుంది.

పుస్తకాలు ఉపయోగించుకొనుటకే అన్నది మొదటి సూత్రం. పుస్తకం చినిగిపోతుందన్న భయంతో తాళం వేసి ఉంచిన బీరువా ఈ సూత్రానికి విరుద్ధం. పుస్తక ప్రదర్శనలో పిల్లలు పుస్తకాన్ని చేతిలోకి తీసుకొని పేజీలు తిప్పుటకు అవకాశమివ్వడమే దీనికి తగిన ఆచరణ.

ప్రతి పాఠకునికి అతని పుస్తకం అన్నది రెండవది. ఇంటర్ విద్యార్థికి కావలసినది ఒకటి, కంది రైతుకు కావలసినది మరొకటి. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు పండే జిల్లా ఇది. వ్యవసాయం, పశుపోషణ, నీటి యాజమాన్యంపై ఉన్న పుస్తకాలను, పత్రికలను ప్రదర్శనలో ఒక బల్లపై విడిగా ఉంచితే పనిమీద మండల కేంద్రానికి వచ్చిన రైతు పది నిమిషాలు అక్కడ ఆగుతాడు.

ప్రతి పుస్తకానికి దాని పాఠకుడు అన్నది మూడవది. ఏళ్ళ తరబడి ఎవరూ తీసుకొనని మంచి పుస్తకాలు ప్రతి గ్రంథాలయంలోనూ ఉంటాయి. కథ చెప్పే కార్యక్రమం అటువంటి పుస్తకానికి పాఠకుని తెచ్చిపెడుతుంది. ఉపాధ్యాయుడు గాని, గ్రంథ పాలకుడు గాని ఒక కథను సగం వరకు చదివి వినిపించి, మిగిలినది ఈ పుస్తకంలో ఉన్నదని చెప్పి ఆపివేస్తే, సభ ముగియగానే ఆ పుస్తకం కోసం పిల్లలు పోటీ పడడం సహజం.

పాఠకుని కాలాన్ని ఆదా చేయాలన్నది నాలుగవది. ఇందుకు ఉపకరించేది పుస్తకం వెతికే పోటీ. 1876లో మెల్విల్ డ్యూయీ రూపొందించిన దశాంశ వర్గీకరణ పద్ధతిలో పుస్తకాలను పది ప్రధాన విభాగాలుగా అమర్చుతారు. విజ్ఞాన శాస్త్రాలకు 500, సాహిత్యానికి 800, చరిత్ర, భూగోళాలకు 900 అంకెలు కేటాయించబడ్డాయి. ఈ పద్ధతిని అనుసరించే గ్రంథాలయంలో తెలుగు సాహిత్యాన్ని 894.827 అనే సంఖ్య కింద వెతకవచ్చును. ఈ చిన్న కిటుకు నేర్చుకున్న విద్యార్థి ఎక్కడి గ్రంథాలయానికి వెళ్ళినా ఎవరినీ అడగకుండానే తనకు కావలసిన బీరువా వద్దకు చేరుకొనగలడు.

గ్రంథాలయం నిత్యం పెరిగే జీవి అన్నది ఐదవ సూత్రం. పుస్తకాలతోపాటు పాఠకులు, సేవలు కూడా పెరగాలన్నది దీని భావం. తోలుబొమ్మలాట, బుర్రకథ, ఒగ్గు కథ వంటి జానపద కళారూపాలను గ్రంథాలయ ప్రాంగణంలో ప్రదర్శించినప్పుడు చదువు రాని పెద్దలు కూడా ఆ ప్రాంగణంలోకి వస్తారు. అక్షరం రాకపోయినా కథను, పద్యాన్ని నోటికి నేర్చి తరతరాలుగా అందించిన సమాజం మనది. అటువంటి వృద్ధులను పిలిచి వారికి తెలిసిన కథలను, పాటలను పిల్లలకు వినిపింపజేసినట్లయితే గ్రంథాలయానికి అది కొత్త సంపద అవుతుంది.

మన పన్నుతో నడిచే సంస్థ

గ్రంథాలయం ప్రభుత్వానిదని, మనది కాదని భావించేవారు ఒక విషయం గమనించవలెను. హైదరాబాద్ రాష్ట్రంలో 1955లో గ్రంథాలయ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం అమలులో ఉండేది. ఈ రెండింటి స్థానంలో సమగ్రమైన పౌర గ్రంథాలయాల చట్టం 1960లో రూపొందింది. తెలంగాణ రాష్ట్రం 2014లో ఏర్పడిన తర్వాత కూడా ఆ చట్టమే అనుసరణలతో కొనసాగుతున్నది. దాని ప్రకారం జిల్లా స్థాయిలో జిల్లా గ్రంథాలయ సంస్థ, దాని కింద శాఖా గ్రంథాలయాలు పనిచేస్తాయి.

ఈ వ్యవస్థకు ఆధారం గ్రంథాలయ పన్ను. ఇంటి పన్నుపై ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున స్థానిక సంస్థలు దీనిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసి ఉంటుంది. 500 రూపాయల ఇంటి పన్ను చెల్లించే కుటుంబం అదనంగా 40 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నదన్నమాట. మొత్తం చిన్నదే. కాని ఆ 40 రూపాయలు చెల్లించిన గృహస్థునికి, అతని పిల్లలకు ఆ గ్రంథాలయంపై సంపూర్ణమైన హక్కు ఉన్నది. సంవత్సరమంతా పన్ను చెల్లిస్తూ, ఒక్కనాడైనా అక్కడి పత్రిక తిరగవేయకపోవడం మన ధనాన్ని మనమే వదులుకొనుటతో సమానం. అదే విధంగా, వసూలైన పన్నును సకాలంలో గ్రంథాలయ సంస్థకు చేరవేయుట స్థానిక సంస్థల బాధ్యత. ఆ సొమ్ము ఆలస్యమైతే ఆ మేరకు కొత్త పుస్తకాలూ ఆలస్యమవుతాయి.

పఠన మందిరంలో కూర్చొని పత్రికలు, పుస్తకాలు చదువుకొనుటకు రుసుము లేదు. పుస్తకాన్ని ఇంటికి తీసుకొనిపోదలచిన వారు నిర్ణీత ధరావతు చెల్లించి సభ్యులుగా చేరవలసి ఉంటుంది. సభ్యత్వ దరఖాస్తుకు కావలసిన పత్రాలేమిటో గ్రంథ పాలకుడు తెలియజేస్తారు.

ఉద్యోగార్థులకు, మహిళలకు

గ్రంథాలయాలకు నేడు ఎక్కువగా వస్తున్నవారు పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న యువతీ యువకులు. హైదరాబాద్‌లోని చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఉద్యోగార్థులతో నిండి ఉండడం రాష్ట్రమంతటికీ తెలిసిన విషయం. నగరంలో గది అద్దె, భోజనం ఖర్చు భరించలేని పల్లె యువకునికి మండల కేంద్రంలోనే చదువుకొనే చోటు, దినపత్రికలు, ప్రామాణిక గ్రంథాలు లభిస్తే అది ఎంతో ఊరట. వారోత్సవాలలో ఒక పూటను పరీక్షల సిద్ధతపై సలహాలకు కేటాయించి, ఉద్యోగం సాధించిన స్థానిక యువకులచేత మాట్లాడించడం ఎంతో ఉపయోగకరం. పోటీ పరీక్షల గదిగా మాత్రమే గ్రంథాలయం మిగిలిపోకుండా చూడడం కూడా అంతే అవసరం. ఎందుకంటే ఉద్యోగార్థి పరీక్షతో తన పఠనాన్ని ముగించవచ్చును, బాల్యంలో కథలతో అలవాటైన పఠనం మాత్రం జీవితాంతం నిలుస్తుంది.

బాలికల విషయంలో ఒక ఆచరణాత్మకమైన ఇబ్బంది ఉన్నది. శాఖా గ్రంథాలయాలు సాధారణంగా ఉదయం, సాయంత్రం రెండు పూటలా పనిచేస్తాయి. బడి విడిచే వేళకు గ్రంథాలయం తెరిచి ఉన్నా, ఊరికి వెళ్ళే బస్సు తప్పిపోతుందన్న భయంతో పక్క గ్రామాల బాలికలు ఆగలేరు. అందువలన వారోత్సవాల పోటీలను బడి వేళలలోనే, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో జరపడం మేలు. సంవత్సరంలో మిగిలిన రోజులలో వారానికి ఒక పీరియడ్‌ను గ్రంథాలయ సందర్శనకు కేటాయించడం, దూరపు పాఠశాలలకు కొన్ని పుస్తకాలను పెట్టెలో పంపి నెల తర్వాత మార్చుకొనడం వంటి ఏర్పాట్లను ప్రధానోపాధ్యాయులు, గ్రంథ పాలకులు కలిసి ఆలోచించవచ్చును. బరోడా సంస్థానంలో 1910 నుంచి శాయాజీరావు గాయక్వాడ్ మహారాజు నెలకొల్పిన గ్రంథాలయ వ్యవస్థలో పుస్తకాల పెట్టెలు ఈ విధంగానే పల్లెలకు ప్రయాణించేవి.

ముగ్గుల పోటీకి వచ్చిన గృహిణికి, పోటీ ముగిసిన వెంటనే లోపలి పఠన మందిరాన్ని చూపించడం, ఆరోగ్యం, వంట, కుట్టుపని, బాలల పెంపకం పుస్తకాలను పరిచయం చేయడం మరువరాదు. ముగ్గు వాకిట్లోనే ముగిసిపోతే పోటీ జరిగిన ఫలితం సగమే.

డిజిటల్ యుగంలో గ్రంథాలయం

సెల్‌ఫోన్ ఉండగా గ్రంథాలయమెందుకన్న ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. ఫోనులో సమాచారం అపారం. అందులో ఏది నిజం, ఏది కల్పితం అని విడదీసి చెప్పే మనిషి మాత్రం ఫోనులో లేడు. ఆ పనిలో గ్రంథ పాలకుడు, ఉపాధ్యాయుడు తోడ్పడగలరు. 2018 జూన్‌లో జాతికి అంకితమైన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయాన్ని ఖరగ్‌పూర్ ఐఐటి అభివృద్ధి చేసింది. పాఠశాల స్థాయి నుంచి పరిశోధన స్థాయి వరకు వివిధ భాషలలోని పుస్తకాలను, పాఠాలను అందులో వెతకవచ్చును. బాలల కోసం రాష్ట్రీయ ఇ-పుస్తకాలయ ప్రారంభమైంది. వీటిలో పేరు నమోదు చేసుకొని పుస్తకం తెరుచుట ఎట్లాగో వారోత్సవాలలో ఒక గంటసేపు ప్రత్యక్షంగా చూపినట్లయితే, పిల్లల చేతిలోని ఫోను కూడా ఒక పుస్తకాల బీరువాగా మారుతుంది.

ఎనిమిదవ రోజు

కార్యక్రమాలన్నీ చక్కగా జరిగి, ఛాయాచిత్రాలు పత్రికలలో వచ్చి, ఆ తర్వాత గ్రంథాలయం మళ్ళీ బోసిపోయిన సందర్భాలు లేకపోలేదు. అటువంటి స్థితి రాకుండా కొన్ని చిన్న జాగ్రత్తలు తీసుకొనవచ్చును.

పోటీలలో గెలిచిన వారికి గ్లాసులు, పళ్ళేల బదులు పుస్తకాలను బహుమతిగా ఇవ్వాలి. దాతలు ముందుకు వచ్చినట్లయితే, విజేతలతోపాటు పాల్గొన్న పిల్లలకు కూడా సభ్యత్వ ధరావతు చెల్లించి కార్డులు ఇప్పించవచ్చును. వ్యాసరచన అంశాన్ని ముందుగా ప్రకటించి, దానికి సంబంధించిన పుస్తకాలను గ్రంథాలయంలోనే చదివి సిద్ధపడవలెనని నియమం పెడితే పోటీకి ముందే పిల్లలు గ్రంథాలయానికి రావడం మొదలవుతుంది. కవి సమ్మేళనంలో స్థానిక కవులతోపాటు ఉర్దూ కవులకు, బంజారా గాయకులకు అవకాశమిస్తే అందరూ ఇది తమ వేదికే అనుకుంటారు. ముగింపు సభలో ముఖ్య అతిథుల ప్రసంగాలను కుదించి, ఒక విద్యార్థిచేత తాను ఆ వారంలో చదివిన పుస్తకాన్ని గురించి ఐదు నిమిషాలు మాట్లాడించాలి. సభికులకు చిరకాలం గుర్తుండేది ఆ ఐదు నిమిషాలే.

తల్లిదండ్రులు చేయవలసినది ఇంకా సులభం. నవంబర్ 20 తర్వాత వచ్చే మొదటి సెలవు దినాన, గ్రంథాలయం పనిచేసే వేళ తెలుసుకొని, పిల్లవాని చేయి పట్టుకొని అక్కడికి తీసుకొని వెళ్ళడం. తమకు చదువు రాకపోయినా ఫరవాలేదు. పిల్లవాడు బొమ్మల పుస్తకం చూస్తుండగా పక్కన కూర్చొంటే చాలు. పుస్తకానికి తన తండ్రి, తన తల్లి విలువ ఇస్తున్నారని పిల్లవానికి తెలియడమే పఠనానికి తొలి పాఠం.

గ్రామ పంచాయతీలు, పాఠశాలలు, యువజన సంఘాలు, మహిళా స్వయం సహాయక సంఘాలు, విశ్రాంత ఉద్యోగులు తమ వంతు సహకారం అందించి నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలను జయప్రదం చేయవలసి ఉన్నది. ఒకనాడు తెలుగులో నాలుగు మాటలు మాట్లాడనివ్వని సభలను ఎదుర్కొని, పుస్తకాలను స్వయంగా మోసుకొని మన పెద్దలు నిలబెట్టిన సంస్థ ఇది. నేడు దానిని నిలబెట్టుటకు మనం మోయవలసినది ఒక్క పుస్తకమే, గ్రంథాలయం నుంచి ఇంటి వరకు. ఏడు రోజుల పండుగకు అందరూ తరలిరావాలి. ఎనిమిదవ నాడు మరల రావాలి.